మల్లెపూల మురుగు

1వ రోజు

కొత్త శుద్ధి కేంద్రం ఈ రోజు మొదలైంది. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి ముక్కు మూసుకునే ఉపన్యాసం చెప్పాడు. "మన భవిష్యత్తు" అన్నప్పుడల్లా "బద భవిష్యత్తు" అని వినిపించింది. చప్పట్లు కొట్టాం.

నా పేరు కొప్పనాతి రత్నమాల. యాభై ఒకటో ఏడు. కొత్త ముంతలరేవులో పన్నెండు వేలమంది ఉన్నారు. వాళ్ళు పొద్దున్నే లేచి మొదట చేసే పని ఏదైతే ఉందో, దాని ఫలితం చివరికి నా దగ్గరికే వస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం ఇదే.

పాత కేంద్రంలో మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. మురుగును రెండు గుంటల్లో నిలబెట్టేవాళ్ళం. బరువైనది అడుక్కి దిగాక మిగతాది మొగలోకి వదిలేసేవాళ్ళం. ఏరు సముద్రంలో కలిసే చోటును మా వైపు మొగ అంటారు. ఆ మొగను ఇరవై ఆరేళ్ళపాటు నా చేతులతో నేనే చంపాను. నెలనెలా జీతం తీసుకుని మరీ చంపాను. ముందు గుల్లలు పోయాయి, తర్వాత చేపలు, ఆఖరికి పీతలు.

ఇప్పుడు జలమండలి గడువు పెట్టింది. అరవయ్యో రోజు పూర్తయ్యేలోగా వరుసగా ఏడు రోజులు మొగ నీటిలో ప్రాణవాయువు నాలుగు పాళ్ళు ఉండాలి. లేకపోతే మొగకు అడ్డంగా గోడ కడతారు. సముద్రం పెరిగినప్పుడు పాత ముంతలరేవు మునిగింది, మేం స్తంభాల మీద కట్టిన ఇళ్ళలోకి ఎక్కాం. గోడ వస్తే ఈ స్తంభాలు కూడా దిగి, మెట్ట ప్రాంతంలో కట్టిన గదుల్లోకి పోవాలి. అక్కడ వల వెయ్యడానికి ఏమీ ఉండదు, ఆరేసిన లుంగీలు తప్ప.

ఈ రోజు కొలత: ఒకటీ పాయింటు మూడు.

అసలు నివేదిక రాసేది నేను కాదు, గోడకి బిగించిన పెట్టె. కేంద్రాన్ని నడిపేది అదే, మాట్లాడేదీ అదే. కానీ పెట్టెకు ముక్కు లేదు. నాకు ఉంది. అందుకని ఈ నోటుపుస్తకం.

4వ రోజు

నగరం నుంచి ఇంజనీరు వచ్చాడు. పేరు తాడి ఇమ్మానుయేలు, ముప్పై నాలుగేళ్ళు. తెల్లచొక్కా వేసుకుని మురుగు కేంద్రానికి వచ్చిన మొదటి మనిషి. మధ్యాహ్నానికి అది తెల్లచొక్కా కాదు.

మనిషి మాత్రం మంచివాడు. తొట్ల గట్టు మీద నిలబడి నాకు విడమరిచి చెప్పాడు.

"ఇక్కడ పనిచేసేది మనం కాదండీ రత్నమాల గారూ, పురుగులు. కంటికి కనిపించనంత చిన్నవి. మురుగును అవే తింటాయి. మనం గాలి ఊదుతూ ఉండాలి, అంతే."

"పాలకి తోడు పెట్టినట్టా?"

"సరిగ్గా అంతే. నగరం నుంచి ట్యాంకర్లో తెచ్చింది తోడే."

భూతద్దంలో చూపించాడు. చిన్న చిన్న గంటలు కాడల మీద ఊగుతున్నట్టున్నాయి. నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా కింద పనిచేసేవాళ్ళు ఇంత మర్యాదగా తలూపడం ఇదే మొదలు.

తొట్లలోంచి తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తోంది. అదే ఆరోగ్యమట.

9వ రోజు

పొద్దున గేటు తియ్యగానే మల్లెపూల వాసన.

ఎవరో పూలు పెట్టుకొచ్చారేమో అనుకున్నాను. ఇక్కడ ఉన్నది నేనూ, ఇమ్మానుయేలు గారూ. ఇద్దరి తలలోనూ పూలు లేవు. ఆయన తలలో అయితే పూలు పెట్టుకునేంత జుట్టు కూడా లేదు.

వాసన తొట్లలోంచి వస్తోంది. పైన తెల్లటి నురగ కట్టింది.

"వాసన సూచీ అద్భుతంగా మెరుగుపడింది," అంది పెట్టె. "సిబ్బందికి అభినందనలు."

భూతద్దంలో చూశాం. గంటలు ఊగడం లేదు. కాడలు వాలిపోయి ఉన్నాయి.

11వ రోజు

రెండు రోజులు పడవ మీద తిరుగుతూ గొట్టాల మూతలు ఒక్కొక్కటే తెరిచి వాసన చూశాను. మనుషులు నమస్కారం పెట్టబోయి, నేను తల ఎక్కడ పెట్టానో చూసి మానుకున్నారు.

వాసన ఒక ఇంటి నుంచో, ఒక వీధి నుంచో రావడం లేదు. ఊరంతా వస్తోంది. మల్లెబిళ్ళ!

పన్నెండేళ్ళ కిందట వరద వచ్చింది. దాని వెంటే విరేచనాలు వచ్చాయి. రెండు వారాల్లో నూట అరవై మంది పోయారు. ఆ తర్వాత ప్రభుత్వం ప్రతి మరుగుదొడ్డిలోనూ ఒక బిళ్ళ బిగించింది. నీళ్ళు వదిలినప్పుడల్లా మందు చిమ్ముతుంది, మల్లెపూల వాసన వేస్తుంది. క్రిముల్ని చంపుతుంది. పాత కేంద్రంలో చంపడానికి ఏమీ లేదు కాబట్టి మాకు తేడా తెలియలేదు. ఇప్పుడు మూడు వేల ఇళ్ళ నుంచి వచ్చిన మందు కలిసి మా పురుగుల్ని చంపుతోంది.

"అయితే మల్లెబిళ్ళలు తీయించాలి," అన్నాడు ఇమ్మానుయేలు గారు, అదేదో కిటికీ మూయించడం అన్నంత తేలిగ్గా.

ఆయన ఈ ఊరివాడు కాదు.

16వ రోజు

ఐదు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. మూడు వేల ఇళ్ళకు నాలుగు వందలు ఒప్పుకున్నాయి. ఒకాయన, "మా దొడ్లోకి వచ్చి చూడండి, పడకగదిలా ఉంటుంది," అని గర్వంగా చూపించాడు. నిజమే, ఆయన పడకగది కంటే బాగుంది.

నేను నమ్మకం పెట్టుకున్నది సత్తెమ్మ పెద్దమ్మ మీద. మా అమ్మకు అక్క, డెబ్బై మూడేళ్ళు. మడ చెట్ల వేళ్ళ మధ్య బొరియల్లో చెయ్యి పెట్టి పీతల్ని లాగడంలో ఆమె తర్వాతే ఎవరైనా. పీతలు పోయాక ఆరేళ్ళుగా ఇంట్లో వలలు అల్లుతూ కూర్చుంది. మొగ బతకాలని ఆమె కంటే ఎక్కువ కోరుకునేవాళ్ళు ఊళ్ళో లేరు. ఆమె ఒప్పుకుంటే ఆడవాళ్ళందరూ ఒప్పుకుంటారు.

"తియ్యను," అంది.

"అది కాదు పెద్దమ్మా, పురుగులు..."

"పురుగులే కదే నా వరాల్ని తినేసినియ్యి? మళ్ళీ ఆటినే పెంచుతానంటన్నావా?"

"ఇవి వేరే..."

"నువ్వు సెప్పకు. నాలుగు రోజులు నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. నీళ్ళు తాగితే నీళ్ళే పోయేయి. ఈ బిల్ల అప్పుడు ఉండుంటే నా పిల్ల ఇయ్యాల ఇక్కడ కూకుని నీతో సమానంగా నన్ను తిట్టేది." అల్లుతున్న వల పక్కన పెట్టింది. "మొగ పోతే పోనీయే. నేను పీతలు మర్సిపోయాను. పిల్లని మర్సిపోలేదు."

వరాలు పెద్దమ్మ కూతురు, నాకు చెల్లెలు. ఇరవై తొమ్మిదేళ్ళకే పోయింది. ఆమె పెట్టిన టీ తాగి వచ్చేశాను.

23వ రోజు

నాలుగు తొట్లూ చచ్చాయి. కొలత ఒకటీ పాయింటు ఒకటి. మొదలుపెట్టినప్పటి కంటే తక్కువ. ఇంత పెద్ద కేంద్రం కట్టి మొగను ఇంకాస్త బాగా చంపుతున్నాం.

కొత్త తోడు పంపమని నగరానికి అడిగితే, నలభై రోజులు పడుతుందన్నారు. గడువుకు మిగిలింది ముప్పై ఏడు.

పెట్టె: "వాసన సూచీ వరుసగా రెండో వారం అత్యుత్తమం."

దాని మీద తడిగుడ్డ కప్పాను.

సాయంత్రం ఇమ్మానుయేలు గారు సిగ్గుపడుతూ నన్ను వెనక షెడ్డులోకి తీసుకెళ్ళాడు. అక్కడ నీలం డ్రమ్ము. లోపల గోధుమరంగు నీళ్ళు బుడబుడమంటున్నాయి. మూత తియ్యగానే తడిమట్టి వాసన!

"మొదటి వారంలోనే కొంచెం తోడు పక్కన పెట్టాను. మన కేంద్రం దొడ్లో బిళ్ళ లేదు కదండీ. ఆ గొట్టాన్ని దీనికి తిప్పాను." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... మనిద్దరి..."

"అర్థమైందిలెండి."

"అందుకే ఈ మధ్య నీళ్ళు ఎక్కువ తాగుతున్నాను."

నాలుగు తొట్లలో ఏమీ మిగల్లేదు కానీ, మేమిద్దరం పోషించిన డ్రమ్ము బతికే ఉంది. నా జీవితంలో దీనికంటే దగ్గరి సంబంధం మా ఆయనతో కూడా లేదు.

26వ రోజు

పెద్దమ్మను కేంద్రానికి తీసుకొచ్చాను. పడవ దిగి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. "పీతల బొరియ ఇంతకంటే కంపు," అంది.

ఇది ఇమ్మానుయేలు గారి ఆలోచన. మూడు గాజుపళ్ళేలు తెచ్చాడు. వాటిలో క్రిములు పెరిగే జిగురు ఉంది. ఒకదానిలో పచ్చి మురుగు ఒక చుక్క వేశాడు. రెండోదానిలో డ్రమ్ములో పురుగులు తిన్నాక, వడకట్టి, ఊదారంగు దీపాల కింది నుంచి పంపిన నీళ్ళ చుక్క. బయటికి వదిలే ముందు ఏ నీళ్ళయినా క్రిముల్ని చంపే ఆ దీపాల కింది నుంచే పోవాలి. పురుగులు శుభ్రం చేశాకే దీపాలకు క్రిములు దొరుకుతాయి. మడ్డినీళ్ళలో అయితే దాక్కుంటాయి.

"మూడోది మీ బిందెలో నీళ్ళు," అన్నాడు. ఆమె వెంట తెచ్చుకున్న సీసాలోంచి ఒక చుక్క తీశాడు.

"మా బిందె జోలికి రాకు బాబూ. తెల్లారగట్ల తోముతాను."

పళ్ళేల మీద గుర్తులు ఆమె చేతే పెట్టించాడు. వెచ్చటి పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కూడా ఆమెకే ఇచ్చాడు. ఆమె దాన్ని రొంటిన దోపుకుంది.

27వ రోజు

తాళం తీసింది పెద్దమ్మ. మురుగు పళ్ళెం నిండా మచ్చలు, బొబ్బలెక్కిన పాయసంలా. దీపాల నీళ్ళ పళ్ళెంలో రెండంటే రెండు చుక్కలు. ఆమె బిందె పళ్ళెంలో నలభై ఒకటి.

నలభై ఒకటీ ఆమే లెక్కపెట్టింది. రెండుసార్లు.

"అంటే... ఈళ్ళ మురుగు కన్నా నా బిందె..."

"అలా అనలేదండీ నేను," అన్నాడు ఇమ్మానుయేలు గారు గాభరాగా.

పెద్దమ్మ ముఖం చూసి నాకు భయమేసింది. సీసా ఎత్తి ఆయన నెత్తిన పోస్తుందనుకున్నాను. మెల్లగా బల్ల మీద కూర్చుంది.

"అయితే నా వరాలు తాగింది బిందెలో నీళ్ళేనా?"

ఇమ్మానుయేలు గారు నా వైపు చూశాడు. ఆ జవాబు నేనే చెప్పాలి. "అవును పెద్దమ్మా. వరదకి మంచినీళ్ళ గొట్టం పగిలింది. పచ్చి మురుగు అందులో కలిసింది. దొడ్లో బిళ్ళ ఉన్నా ఆగేది కాదు. ఇక్కడ ఇలాంటిది ఒకటి ఉండుంటే ఆగేది. అప్పుడు నా దగ్గర రెండు గుంటలే ఉన్నాయి."

"నువ్వు పాతికేళ్ళు ఈ ఉజ్జోగమే సేసేవు కదే."

"చేశాను."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. "ఆ మూడు పల్లేలూ నాకియ్యి బాబూ. ఊళ్ళో సూపించాలి."

33వ రోజు

ఆరు రోజుల్లో, ముందటి నాలుగు వందలతో కలిపి, బిళ్ళలు తీసేసినవి రెండు వేల తొమ్మిది వందల ఇళ్ళు!

పెద్దమ్మా, ఆమెతో పాటు పద్నాలుగు మంది ఆడవాళ్ళూ మూతలు వేసి అంటించిన పళ్ళేలు పట్టుకుని తిరిగారు. వాదన లేదు. బిందె పళ్ళెం చూపించడం, "ఇది మా ఇంటిది, మీ ఇంటిది తీద్దామా?" అని అడగడం. ఎవరూ తమ బిందె లెక్క బయటపడటం ఇష్టపడలేదు. గబగబా బిళ్ళ తీసి చేతిలో పెట్టేశారు. మంచినీళ్ళు మరిగించి తాగమని మాత్రం పెద్దమ్మ ప్రతి గుమ్మంలోనూ చెప్పి వచ్చింది.

ఇక తోడు కావాలి. డ్రమ్ము ఒక్కటి నాలుగు తొట్లకు చాలదు. ఇమ్మానుయేలు గారు తల గోక్కుంటూ, "గేదె పేడలో కూడా మనకు కావలసినవి కొన్ని ఉంటాయి," అన్నాడు. తెప్పల మీద గేదెల్ని మేపేవాళ్ళ దగ్గర నుంచి పదకొండు పడవల పేడ తెప్పించాం.

పెట్టె ఒప్పుకోలేదు. "ధ్రువీకరించని జీవపదార్థం. ద్వారం తెరవబడదు."

"పేడ అని చెప్పండి," అన్నాను.

"ధ్రువీకరించని పేడ. ద్వారం తెరవబడదు."

ఇమ్మానుయేలు గారు పదకొండు పడవల వైపు, తన చొక్కా వైపు చూసుకున్నాడు. తర్వాత వెళ్ళి పెట్టె వైరు పీకేశాడు. చేత్తో తిప్పే చక్రం పట్టుకుని ద్వారం తెరిచాడు. మేమిద్దరం, పడవలవాళ్ళు ఇద్దరూ కలిసి పారలతో సాయంత్రం దాకా ఎత్తిపోశాం. ఆయన తెల్లచొక్కాలు మానేశాడు.

47వ రోజు

కొన్నాళ్ళు రాయలేదు, గాలి పంపులు చేత్తో చూసుకోవలసి వచ్చింది. పెట్టె లేని కేంద్రం నడపడం మొదట్లో బిడ్డ పుట్టిన ఇల్లులా ఉంది. ఎవరూ నిద్రపోలేదు, అందరి ఒంటికీ అదే కంపు.

ఇప్పుడు మట్టి వాసన వస్తోంది. గంటలు ఊగుతున్నాయి. బయటికి పోయే నీళ్ళు తేటగా ఉన్నాయి. మొగలో కొలత మూడూ పాయింటు రెండు.

54వ రోజు

నాలుగు! సరిగ్గా నాలుగు. మళ్ళీ కొలిచాం. నాలుగే.

ఇక ఈ రోజుతో కలిపి ఏడు రోజులు నిలవాలి. ఒక్క రోజు తప్పినా మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడానికి రోజుల్లేవు.

56వ రోజు

పొద్దున పదకొండింటికి మల్లెపూల వాసన వచ్చింది.

ఇమ్మానుయేలు గారు గాలి పంపుల దగ్గరికి పరుగెత్తాడు. నేను పడవెక్కాను. దారిలో పెద్దమ్మను ఎక్కించుకున్నాను. వాసన పట్టుకుని పోతే విశ్వేశ్వరం గారి కల్యాణమండపం దగ్గర తేలాం. లోపల ఆయన కూతురి పెళ్ళి. వెయ్యిమంది అతిథులు, ముప్పై దొడ్లు. మండపం మర్యాద పోతుందని విశ్వేశ్వరం గారు ముప్పయ్యింటికీ కొత్త బిళ్ళలు బిగించాడు. ఒక్కోదానికి రెండేసి.

"శుభకార్యమమ్మా," అన్నాడు చేతులు జోడించి. "మగపెళ్ళివారు మెట్ట నుంచి వచ్చారు. వాళ్ళ ముందు కంపు కొట్టమంటారా?"

"గంటలో భోజనాలయిపోతాయి కదా," అన్నాను. "వెయ్యిమంది ఒక్కసారి వెళితే మా తొట్లు సాయంత్రానికి చస్తాయి. మీ మండపం కూడా స్తంభాల మీదే ఉంది. గోడ వస్తే మెట్టలో మండపం ఎవరిస్తారు మీకు?"

ఆయన ఆలోచిస్తున్నాడు. పెద్దమ్మకు అంత తీరిక లేదు. చీర ఎగదోపుకుని నేరుగా దొడ్ల వరుసలోకి పోయింది. పీతల్ని లాగినట్టే ఒక్కో బిళ్ళనూ చెయ్యి పెట్టి లాగి బకెట్లో పడేస్తోంది. నేనూ రెండోవైపు నుంచి మొదలుపెట్టాను.

పదిహేడో దొడ్డి తలుపు వేసి ఉంది. తట్టాం.

"ఉన్నాను," అంది లోపలి నుంచి ఒక ఆడగొంతు.

"నీళ్ళు వదలకమ్మా!" అని అరిచింది పెద్దమ్మ.

"ఏంటి?"

"ముందు గోడ మీదున్న తెల్లబిల్ల పీకు. ఆ తర్వాతే నీళ్ళు. తలుపు సందులోంచి ఇయ్యి."

కాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. గోరింటాకు పెట్టుకున్న చెయ్యి, మోచేతి దాకా గాజులు. అందులో రెండు బిళ్ళలు. పెళ్ళికూతురు.

"మా ఊరి మొగ గురించేనా మామ్మా?" అంది. "పళ్ళేలు మా ఇంటికి కూడా తెచ్చారు. నాన్నకి చెప్పాను, ఆయన వినలేదు."

"నువ్వు మెట్టకి పోతన్నావు. నీకెందుకే?"

"పుట్టింటికి రానా మరి?"

ఆ పిల్ల పట్టుచీరతో మిగతా దొడ్లన్నీ మాతో తిరిగింది. వాళ్ళ నాన్న ముహూర్తం, ముహూర్తం అని వెనకాల అరుస్తూనే ఉన్నాడు. మగపెళ్ళివారి పెద్దావిడ ఒకామె మమ్మల్ని ఆపి, ఇది ఈ ప్రాంతం ఆచారమా అని అడిగింది. అవునంది పెద్దమ్మ.

57వ రోజు

నిన్న సాయంత్రం, ఈ పొద్దున కొలిచాం. నాలుగూ సున్నా. నాలుగూ పాయింటు ఒకటి. తొట్లు కాస్త నలిగాయి కానీ నిలిచాయి.

60వ రోజు

జలమండలి అధికారిణి పడవ మీద వచ్చింది. పొడుగాటి మనిషి, మాట తక్కువ. తన పరికరం తనే నీళ్ళలోకి దించింది. మేం ముగ్గురం ఒడ్డున నిలబడ్డాం. ఇమ్మానుయేలు గారు నిక్కరు, బనీనులో ఉన్నాడు. ఆయన్ని చూసి కూలీ అనుకుని ఇంజనీరు ఎక్కడని అడిగింది.

నాలుగూ పాయింటు రెండు. ఏడో రోజు.

కాగితం మీద సంతకం చేసింది. గోడ ఆగింది. ప్రస్తుతానికి ఒక ఏడాది, తర్వాత మళ్ళీ చూస్తారట. పెట్టె వైరు ఎవరు పీకారని అడిగింది. ఇమ్మానుయేలు గారు చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. విషయం తెలియకపోయినా పెద్దమ్మ కూడా ఎత్తింది. అధికారిణి ముగ్గురి పేర్లూ రాసుకుంది. విచారణ ఉంటుందట.

64వ రోజు

పొద్దున్నే, సముద్రం వెనక్కి తీసే పాటు వేళకు పెద్దమ్మ మడ చెట్లలోకి దిగింది. వద్దన్నాను, మోకాళ్ళు నొప్పులు కదా అని. వినలేదు. నేను ఒడ్డున కూర్చున్నాను. బురదలో మోకాలి లోతున దిగి, ఒక్కో బొరియలో చెయ్యి పెట్టి చూస్తోంది. ఒకటి, రెండు, పది. ఏమీ లేదు. ఎండెక్కుతోంది. వెనక్కి రమ్మని పిలుద్దామని లేచాను.

అప్పుడు వినిపించింది కేక.

పరుగెత్తాను. పెద్దమ్మ బురదలో కూర్చుని ఉంది. ఎడమచేతి బొటనవేలును ఒక పీత పట్టుకుంది. అరచేతి అంత కూడా లేదు, పచ్చటి పిల్లపీత. రక్తం కారుతోంది. విడిపించబోయాను.

"ఉండవే," అంది. "ఆరేళ్ళయింది కరిసి."

నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అయినా నవ్వుతోంది. ఆ పీత తనంతట తాను వదిలేదాకా అలాగే కూర్చుంది. వదిలాక దాన్ని బుట్టలో వెయ్యలేదు. బొరియ ముందు పెట్టి, అది లోపలికి పోయేదాకా చూసింది.

"సిన్నది," అంది. "పెద్దవనీ."

చెయ్యి అందించాను. లేచి, బురదచెయ్యి నా భుజం మీద వేసింది. ఇద్దరం ఒడ్డుకు నడిచాం.